ఫిల్లెట్ కత్తి: వెయ్యి రూపాయల్లోపు ఏది కొనాలి, అసలు ఎవరు కొనాలి

ఉత్తరాంధ్ర చేపల బజార్లలో కోత అంటే కత్తిపీట కోతే. పీటను కాలితో తొక్కిపట్టి, చేపను రెండు చేతులతో పట్టుకుని, నిలబడి ఉన్న బ్లేడు మీదకి నెడతారు. కత్తి కదలదు, చేప కదులుతుంది. జిగురుతో జారిపోయే చేపకు ఇంతకన్నా మంచి ఏర్పాటు ఇంకోటి లేదు, రెండు చేతులూ చేప మీదే ఉంటాయి కాబట్టి. వంజరాన్ని అడ్డంగా ముక్కలు చెయ్యాలన్నా, బొచ్చె తలకాయను రెండుగా చీల్చాలన్నా, పులుసుకి ముల్లుతో సహా ముక్క కావాలన్నా కత్తిపీటే సరైన పనిముట్టు. ఈ మాట ముందే చెప్పాల్సి వస్తోంది. ముల్లు లేని ముక్క తీయడానికి చేసిన ఫిల్లెట్ కత్తి కొన్న చాలామంది దాంతో ఈ పనులే చేయబోతారు. వెన్నుముల్లు మీద రెండుసార్లు కొట్టగానే సన్నని అంచు పళ్లుపళ్లుగా లేచిపోతుంది. కత్తి మంచిది కాదని మూలన పడేస్తారు. ముల్లు పక్కనుంచి జారుతూ మాంసాన్ని ఒలిచే కత్తితో ముల్లునే నరికితే అంతే అవుతుంది.

కాబట్టి ఇంట్లో పులుసు, ముల్లుతో వేపుడు తప్ప వేరే వండనివాళ్లకి ఈ కత్తి అక్కర్లేదు. ఆ డబ్బుతో కత్తిపీటకు మంచి సాన పెట్టించుకోండి. ముల్లంటే భయపడే పిల్లలు, చూపు తగ్గిన పెద్దవాళ్లు ఉన్న ఇళ్లకి, అపోలో ఫిష్ లాంటి బోన్‌లెస్ వంటలు ఇంట్లోనే చేసుకునేవాళ్లకి, చిన్న కర్రీ పాయింట్లు నడిపేవాళ్లకి మాత్రం ఇది నిజంగా పనికొస్తుంది. కత్తిపీట మీద బోన్‌లెస్ చేయించుకుంటే వెన్నుముల్లుకి ఎంత మాంసం అంటుకుని పోతుందో ఒక్కసారి ఆ ముల్లును వెలుతురుకి ఎత్తి చూడండి. సరైన కత్తితో తీసిన ముల్లు వెనక వేళ్లు మసకగా కనబడాలి.

ఏ చేపకు పనికొస్తుంది, ఏ చేపకు రాదు

కొనేముందు తేల్చుకోవాల్సింది మీ ఇంట్లో ఎక్కువగా వండే చేప ఏది అన్నది. పండుగప్ప, కొరమీను, మాగ, వంజరం, తిలాపియా: వీటికి వెన్నుముల్లు, పొట్ట చుట్టూ పక్కటెముకలు, వాటి పైన ఒక వరస చిన్న ముళ్లు ఉంటాయి. ఆ మూడూ తీసేస్తే ముక్క శుభ్రం. బొచ్చె, శీలావతి, గడ్డిచేప సంగతి వేరు. వాటి మాంసం మధ్యలో, వెన్నుముల్లుతో సంబంధం లేకుండా, వై ఆకారపు సన్నని ముళ్లు ఉంటాయి. ఎంత ఖరీదైన కత్తితో ఎంత నేర్పుగా ఒలిచినా అవి ముక్కలోనే ఉండిపోతాయి. శీలావతిని బోన్‌లెస్ చేద్దామని ఫిల్లెట్ కత్తి కొంటే డబ్బు దండగ.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తీరంలో మరబోట్ల వేట నిషేధం ఉంటుంది. భావనపాడు, కళింగపట్నం, చింతపల్లి వైపు నుంచి వచ్చే సముద్రపు చేప ఆ రెండు నెలలూ పలచబడిపోతుంది. బజారులో చెరువు చేపలు, మడ్డువలస, తోటపల్లి లాంటి జలాశయాల చేపలు ఎక్కువ కనబడతాయి. అంటే ముళ్ల చేపలదే రాజ్యం. ఆ రోజుల్లో ఫిల్లెట్ కత్తికి పని కావాలంటే కొరమీను, చెరువు పండుగప్ప, తిలాపియా వెతుక్కోవాలి. సముద్రం ఒడ్డున ఉన్నవాళ్లకి మిగతా పది నెలలూ ఇది చేతికి వచ్చే కత్తే. కొండవైపు ఊళ్లలో చెరువు చేప తప్ప దొరకనివాళ్లు మాత్రం రెండుసార్లు ఆలోచించండి.

కానాగంతలు, కవళ్లు, నెత్తళ్ల లాంటి చిన్న చేపలకు ఇంత పొడవు కత్తి అడ్డం. మూడు నాలుగు అంగుళాల కూరగాయల చాకు చాలు. నెత్తళ్లకు అదీ వద్దు, బొటనవేలి గోరు చాలు.

కొలతలు

బ్లేడు పొడవు ఆరు నుంచి ఏడు అంగుళాలు, అంటే 15 నుంచి 18 సెంటీమీటర్లు. ముప్పావు కిలో నుంచి రెండున్నర కిలోల చేప దాకా ఇదే సరైన కొలత. బ్లేడు చేప వెడల్పు కన్నా కొంచెం పొడవుండాలి, అప్పుడే ఒకే లాగులో కోత సాగుతుంది. పొట్టి కత్తితో ముందుకూ వెనక్కీ రంపంలా కోస్తే మాంసం మెట్లుమెట్లుగా చిరుగుతుంది, వేపుడులో విడిపోతుంది. తొమ్మిది అంగుళాల కత్తులు పెద్ద వంజరాలు, సూర చేపలు ఒలిచేవాళ్లకి. ఇంటి వంటగదిలో వాటిని తిప్పే చోటు కూడా ఉండదు.

మందం వీపు దగ్గర ఒకటిన్నర మిల్లీమీటర్లు, ఎక్కువలో ఎక్కువ రెండు. మొన వైపు పోతున్నకొద్దీ ఇంకా సన్నబడాలి. వెడల్పు పిడి దగ్గర రెండు, రెండున్నర సెంటీమీటర్లు. చాలా చౌక కత్తులు ఓడిపోయేది ఈ మందం దగ్గరే. రెండున్నర మిల్లీమీటర్ల రేకును ఫిల్లెట్ కత్తి ఆకారంలో కోసి, అంచు మాత్రం అరగదీసి అమ్ముతారు. చూడ్డానికి అచ్చం ఫిల్లెట్ కత్తే. పక్కటెముకల మీదకి వచ్చేసరికి వంగదు, ఎముక వంపును వదిలేసి తిన్నగా పోతుంది, పొట్ట మాంసం సగం ముల్లుకే మిగిలిపోతుంది.

వంగడం అంటే ఎంత వంగాలి? ఆరంగుళాల కత్తి మొనను చెక్క మీద ఆనించి పిడిని మెల్లగా నొక్కితే నడుము ఒకటిన్నర, రెండు సెంటీమీటర్లు విల్లులా వంగాలి. వదిలితే తిరిగి తిన్నగా రావాలి. ఒక కన్ను మూసి వీపు వెంబడి చూడండి. కొంచెమైనా వంకర మిగిలిందంటే ఆ ఇనుముకి సరైన పాకం (కాల్చి చల్లార్చి గట్టిపరచడం) పట్టలేదు, వద్దు. అలాగని కొబ్బరాకులా ఊగే కత్తి కూడా మంచిది కాదు. కొరమీను మాంసం గట్టిది, మరీ మెత్తని బ్లేడు దాంట్లో దారి తప్పుతుంది. ఒక్క కత్తే కొంటున్నవాళ్లు మధ్యరకం వంపు చూసుకోండి.

అయస్కాంతం మాట

గిన్నెలు కొనేటప్పుడు అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలు అని మనందరికీ అలవాటు. కత్తి దగ్గర ఆ లెక్క తిరగబడుతుంది. గిన్నెల స్టీలులో నికెల్ ఎక్కువ. అది తుప్పు పట్టదు, కానీ ఎర్రగా కాల్చి ముంచినా గట్టిపడదు. కత్తుల స్టీలులో సుమారు 13 నుంచి 15 శాతం క్రోమియం, దాంతోపాటు తగినంత కార్బన్ ఉంటాయి. కాల్చి చల్లార్చితే గట్టిపడుతుంది, అయస్కాంతం అంటుకుంటుంది. కాబట్టి కొట్టుకి ఒక చిన్న అయస్కాంతం పట్టుకెళ్లండి. బ్లేడుకి అంటుకోకపోతే అది గిన్నెల రేకుతో చేసిన కత్తి, రెండు చేపలకే మొద్దుబారుతుంది. అంటుకున్నంత మాత్రాన గట్టి స్టీలని కాదు, గట్టిపడని రకాల్లో కూడా అయస్కాంతం అంటుకునేవి ఉన్నాయి. కానీ అంటుకోనిదాన్ని మాత్రం అక్కడికక్కడే పక్కన పెట్టేయొచ్చు.

పేరున్న కంపెనీలు స్టీలు పేరు చెబుతాయి. 420 అని గానీ, ఎక్స్50సిఆర్‌ఎంఓవి15 (1.4116 అన్నా ఇదే) అని గానీ రాసుంటే అవి చేప కత్తికి తగినవే. గట్టిదనం రాక్‌వెల్ కొలతలో 54 నుంచి 57 మధ్య ఉంటే వంగుతుంది, పదునూ నిలబడుతుంది. 60 దాటితే పదును ఎక్కువ కాలం ఉంటుంది గానీ వంచితే చిట్లుతుంది, ఇంట్లో సాన పెట్టడం కూడా కష్టం. ‘హై కార్బన్ జర్మన్ స్టీల్’ అని మాత్రం రాసి నంబరు రాయకపోతే ఆ మాటకు విలువ ఇవ్వక్కర్లేదు.

బజారులో దొరికే రకాలు

కమ్మరి కొలిమిలో చేసే కత్తులు. సంతల్లో ఇప్పటికీ దొరుకుతాయి. లారీ కమాను పట్టీ నుంచి సాగగొట్టినవి కత్తిపీటకు, మాంసం నరకడానికి చాలా గొప్పవి. ఆ ఇనుము స్ప్రింగుకని పుట్టింది, దెబ్బకు తట్టుకుంటుంది. కానీ దాన్ని ఒకటిన్నర మిల్లీమీటర్ల మందానికి, వంకర లేకుండా తేవడం సమ్మెటతో చాలా కష్టమైన పని. అడిగితే చేసిచ్చే కమ్మరి మీ ఊళ్లో ఉంటే, ఆయనకి కొలతలు కాగితం మీద గీసిచ్చి చేయించుకోండి, అది అదృష్టమే. రోజూ వాడకపోతే మాత్రం కష్టం. కార్బన్ ఇనుము ఉప్పుగాలికి ఒక్క రాత్రిలో తుప్పు పడుతుంది, నిమ్మరసం, చింతపండు తగిలితే నల్లబడుతుంది, తెల్లని చందువ ముక్కకి ఆ నలుపు, ఇనుప వాసన అంటుకుంటాయి.

మిషన్ రంపపు బ్లేడుతో చేసిన కత్తులు. వర్క్‌షాపుల్లో అరిగిపోయిన పెద్ద హాక్సా బ్లేడును అరగదీసి పిడి పెట్టి అమ్ముతారు. పదును అద్భుతంగా నిలుస్తుంది, ధర తక్కువ. కూరగాయలకీ, తోలుపనికీ బాగుంటుంది. చేప ఒలవడానికి మాత్రం మేం ససేమిరా వద్దంటాం. ఆ ఇనుము వంగదు, విరుగుతుంది. పక్కటెముకల మీద పక్కకి ఒత్తిడి పెట్టినప్పుడు మొన విరిగి ముక్కలోనే ఉండిపోవచ్చు, చేతిలోకి దిగొచ్చు.

సామాన్ల కొట్లో ప్లాస్టిక్ పిడి చాకులు. సుమారు వంద నుంచి రెండు వందల యాభై. కూరగాయలకు చేసినవి. బ్లేడు సన్నగానే ఉంటుంది గానీ పొడవు నాలుగైదు అంగుళాలే, పిడిలోపలికి దూరే ఇనుప ముక్క వేలెడంత కూడా ఉండదు. తిలాపియా వరకూ లాక్కొస్తాయి. పండుగప్ప తల వెనక గట్టిగా నొక్కితే పిడి ఊడి చేతికొస్తుంది.

మటన్ కొట్లకీ, హోటళ్లకీ అమ్మే బోనింగ్ కత్తులు, అంటే ఎముక నుంచి మాంసం ఒలిచేవి. వెయ్యిలోపు కొనేవాళ్లకి మేం మొదట చూపించేది ఇవే. ఆరంగుళాల సన్న బ్లేడు, పిడి బ్లేడు చుట్టూ పోతపోసిన ప్లాస్టిక్, తెలుపు గానీ పసుపు గానీ. సుమారు మూడు నుంచి ఆరు వందలు. హోటల్ సామాన్లు అమ్మే కొట్లో అడగాలి, మామూలు స్టీలు సామాన్ల కొట్లో ఉండవు. ఇందులో గట్టి రకం, వంగే రకం అని రెండుంటాయి. మాంసం ఎముకకి గట్టిది, మనకి కావాల్సింది వంగేది. పెట్టె మీద ఏం రాసున్నా పైన చెప్పిన వంపు పరీక్ష చేసే కొనండి.

ఆన్‌లైన్‌లో ‘ఫిల్లెట్ నైఫ్’ అని దొరికే పేరులేని రకాలు. మూడు నుంచి ఏడు వందలు, తొడుగుతో సహా. వీటిలో మంచివీ ఉన్నాయి, మందపాటి రేకులూ ఉన్నాయి, బొమ్మ చూసి చెప్పలేం. మందం మిల్లీమీటర్లలో రాయనిదాన్నీ, ‘వెనక్కి తీసుకోబడదు’ అని రాసున్నదాన్నీ కొనొద్దు. బ్లేడు మీద నీటి అలల్లాంటి గీతలుంటే అది డమాస్కస్ (పొరలు పొరలుగా అతికి సాగగొట్టిన ఖరీదైన స్టీలు) అనుకోకండి. ఈ ధరలో ఆ గీతలు పైన ముద్రించినవే, రెండు నెలల సానకి అంచు దగ్గర చెరిగిపోతాయి. రంగుపూత బ్లేడులు కూడా అంతే, పూత పెచ్చులు చేప ముక్కలోకి రాకూడదు కదా.

పేరున్న విదేశీ కత్తులు వెయ్యి దాటతాయి, కానీ పోల్చుకోడానికి తెలిసుండాలి. స్విట్జర్లాండ్ విక్టోరినాక్స్ వంగే ఫిల్లెట్ కత్తులు 16 నుంచి 20 సెంటీమీటర్ల దాకా ఉన్నాయి. వాటికుండే ఫైబ్రాక్స్ అనే ప్లాస్టిక్ పిడి తడిలో కూడా జారదు. కర్రీ పాయింటుకి రోజుకి పది కిలోలు ఒలిచేవాళ్లు నేరుగా దీనికి వెళ్లడమే లాభం. స్వీడన్ మోరా కంపెనీ ఫిల్లెట్ కత్తికి రబ్బరులాంటి పట్టు, ప్లాస్టిక్ తొడుగు వస్తాయి, పడవ మీద వాడకానికి బాగుంటుంది. ఫిన్లాండు రాపాలా వాళ్ల ఫిష్ ఎన్ ఫిల్లెట్ బిర్చ్ చెక్క పిడితో, తోలు తొడుగుతో వస్తుంది. కోత చాలా బాగుంటుంది. కానీ తోలు తడి పీల్చుకుంటుంది, మన సముద్రపు తేమలో కత్తిని ఆ తొడుగులోనే వదిలేస్తే మచ్చలు పడతాయి. అదే విక్టోరినాక్స్ వాళ్ల చిన్న చాకు మాత్రం వెయ్యికి బాగా తక్కువకే వస్తుంది. కానాగంతలకు, రొయ్యల నరం తీయడానికి ఆ ధరలో అంతకన్నా మంచిది మేం చూడలేదు.

పిడి

బ్లేడు ఎంత మంచిదైనా పిడి తప్పైతే చెయ్యి తెగుతుంది. చేప జిగురు సబ్బుకన్నా జారుడు. పిడి ముందుభాగంలో వేలు బ్లేడు మీదకి జారకుండా ఒక అడ్డు ఉండాలి, ఇది లేని కత్తి ఎంత చవకైనా వద్దు. కొట్లో ఉండగానే అరచేతికి రెండు చుక్కల నూనె రాసుకుని పట్టుకుని చూడండి. నున్నని స్టీలు పిడి ఈ పరీక్షలో అక్కడే ఓడిపోతుంది. రివెట్లు కొట్టిన చెక్క పిడి అందంగానే ఉంటుంది, కానీ చెక్కకీ ఇనుముకీ మధ్య సన్నని సందులోకి చేప నీచు, ఉప్పునీళ్లు చేరి కొన్నాళ్లకి ఎంత కడిగినా పోని వాసన పడుతుంది. లోపల ఇనుము కనబడకుండా తుప్పుపట్టి ఒకరోజు విరుగుతుంది. పోతపోసిన ప్లాస్టిక్ పిడి ఈ పనికి అన్నిటికన్నా మంచిది.

కత్తి పట్టని ఎడమచేతికి కోతకు తట్టుకునే తొడుగు ఒకటి కొనండి. పండుగప్ప మొప్ప మీది రేకు అంచు బ్లేడులా ఉంటుంది, వీపు ముళ్లూ అంతే. జెల్లల రెక్క ముల్లు గుచ్చుకుంటే విషం, గంటల తరబడి సలుపుతుంది. దాన్ని పటకారుతో విరిచేశాకే మిగతా పని.

మొదటి చేప

పండుగప్ప కిలోన్నరది తీసుకోండి. బజారులోనే "అప్పా, పొలుసు మటుకు తీసీ, పొట్ట కొయ్యకు" అని అడగండి. పొలుసు ఫిల్లెట్ కత్తితో తీయకూడదు, అంచు పోయేది అక్కడే. పొట్ట ఎందుకు కోయించొద్దంటే, నిండుగా ఉన్న చేప పలక మీద కుదురుగా కూర్చుంటుంది, ఒలవడం తేలిక. ఇంటికి తెచ్చి అరగంట ఐసులో పెడితే మాంసం బిగుస్తుంది.

కింద పలక ముఖ్యం. గ్రానైటు గట్టు మీద, స్టీలు పళ్లెంలో కోస్తే ఒక్క పూటలో పదును పోతుంది. చెక్కగానీ తెల్ల ప్లాస్టిక్ పలకగానీ, చేప మొత్తం పట్టేటంత, సుమారు అర మీటరు పొడవుండాలి. కింద తడి గోనెగుడ్డ పరిస్తే జరగదు. చేపను గుడ్డతో పొడిగా తుడవండి. తడి చేప మీద కత్తి పెట్టడమే సగం గాయాలకు కారణం.

మొప్ప వెనక, రెక్కను కలుపుకుని తల వైపు ఏటవాలుగా వెన్నుముల్లు తగిలేదాకా కోయండి. తగలగానే ఆగాలి. తర్వాత వీపు వెంబడి, పై రెక్క పక్కనుంచి తలనుంచి తోకదాకా సెంటీమీటరు లోతు గీత. అదే గీతలో మళ్లీ మళ్లీ, ప్రతిసారీ కొంచెం లోతుగా, బ్లేడును వెన్నుముల్లు వైపు కొద్దిగా వంచి లాగాలి. టకటకమని సన్నని చప్పుడు వినబడుతుంటే బ్లేడు ముల్లు మీదే పోతోందని అర్థం. చప్పుడు ఆగిపోతే మాంసంలోకి పోయింది. పక్కటెముకలు వచ్చాక కత్తి వంపుకి పని. బ్లేడును ఎముకల మీద బల్లపరుపుగా ఆనించి ఆ వంపు వెంబడే పోనివ్వండి. ఇక్కడ మొనను లోపలికి దించితే పేగులు తెగుతాయి, పేగులకన్నా ప్రమాదం చేదు, అంటే పిత్తాశయం.

చేదు పగిలితే ఆకుపచ్చ మరక పడిన మాంసాన్ని కోసి పారేయండి, కడిగితే పోదు. ఆరోగ్యానికి మంచిదని బొచ్చె, శీలావతి, గడ్డిచేపల చేదును పచ్చిగా మింగేవాళ్లు అక్కడక్కడా ఉన్నారు. దాంతో మూత్రపిండాలు దెబ్బతిన్న కేసులు వైద్యులు నమోదు చేశారు. దాన్ని తీసి పారేయడమే.

తోలు తీయడానికి ముక్కను తోలు కిందకి పెట్టి, తోక చివర వేలెడు మేర మాంసం వదిలేలా కోసి, ఆ తోలును ఉప్పు అద్దిన వేళ్లతో గానీ గుడ్డతో గానీ గట్టిగా పట్టుకోండి. బ్లేడును పలకకు దాదాపు ఆనించి నిలకడగా ఉంచి, తోలును ఇటూ అటూ ఊపుతూ మీ వైపు లాగండి. కత్తి కదలకూడదు. కత్తిపీట అలవాటున్న చేతులకు ఈ మెట్టు వెంటనే వస్తుంది, ఎందుకంటే ఇదీ అదే పద్ధతి. మిగిలిన వరస ముళ్లను వేలితో తడిమి, చిన్న పట్టకారుతో తల వైపుకి వాలుగా లాగేయాలి. నిటారుగా లాగితే మాంసం చిరుగుతుంది.

కిలోన్నర చేపకు ఆరు వందల గ్రాములకు కాస్త అటూ ఇటూగా తోలులేని ముక్క రావాలి. నాలుగు వందలే వచ్చిందంటే కత్తి మొద్దుగా ఉంది లేదా చెయ్యి తొందరపడింది. తల, ముల్లు పారేయొద్దు, తలకాయ పులుసు రుచి వాటిలోనే ఉంది.

పదును

వెయ్యి రూపాయల్లో రెండు, మూడు వందలు సానరాయికి తప్పనిసరిగా తీసిపెట్టండి. సాధారణ కత్తికి పదును తెప్పించే రాయి, గొప్ప కత్తిని మొద్దుగా ఉంచుకోవడంకన్నా మేలు. రెండు వైపులా గరుకు తేడా ఉన్న ఎనిమిదంగుళాల కార్బొరండం రాయి హార్డ్‌వేర్ కొట్లో దొరుకుతుంది. కొత్త చౌక కత్తులు పెట్టెలోంచి వచ్చేటప్పుడే మొద్దుగా ఉంటాయి, అంచు ఇరవై, పాతిక డిగ్రీల్లో తీసుంటుంది. దాన్ని పదిహేను డిగ్రీలకు తెచ్చుకోవాలి. కోణమాని అక్కర్లేదు. రెండు సెంటీమీటర్ల వెడల్పున్న బ్లేడును రాయి మీద పడుకోబెట్టి వీపును 5 మిల్లీమీటర్లు లేపితే పదిహేను డిగ్రీలే.

రాయిని తడిపి, గరుకు వైపు మీద ఒక పక్క పిడినుంచి మొనదాకా ఒకే కోణంలో లాగండి. రెండో పక్క అంచుమీద గోటికి సన్నని గరుకు తగిలేదాకా ఆ పక్కే చేయాలి. ఆ గరుకు అంచంతా వచ్చాక తిప్పి రెండో పక్క. తర్వాత నున్నని వైపు మీద అదే పని, ఒత్తిడి తగ్గిస్తూ. చివరికి పాత తోలు బెల్టు లోపలి వైపు మీద పదిసార్లు వెనక్కి లాగితే చాలు. సన్న బ్లేడు కాబట్టి గట్టిగా నొక్కకూడదు, వంగి కోణం మారిపోతుంది. రోజువారీ వాడకంలో పదును కాస్త తగ్గితే పింగాణీ కప్పు బోర్లించి, అడుగున గ్లేజు లేని గరుకు వలయం మీద నాలుగైదుసార్లు లాగినా పనైపోతుంది.

వీధిలో చక్రం తిప్పుతూ సాన పట్టేవాళ్లకి కత్తిపీట ఇవ్వండి, ఫిల్లెట్ కత్తి ఇవ్వొద్దు. పొడి చక్రం మీద సన్నని అంచు క్షణాల్లో వేడెక్కుతుంది. నీలం రంగు తిరిగిందంటే ఆ చోట పాకం పోయింది, ఇక ఎంత సాన పెట్టినా అక్కడ పదును నిలవదు. రెండు రాళ్ల మధ్య దూర్చి లాగే చిన్న సాధనాలు కూడా ఈ కత్తికి సరిపడవు. వాటి కోణం మార్చలేం, అంచును చెక్కినట్టు లాగేస్తాయి.

స్టెయిన్‌లెస్ అన్నా ఉప్పు దాన్ని తింటుంది. చేప పని కాగానే మంచినీళ్లు, సబ్బుతో కడిగి, గుడ్డతో తుడిచి, గాలికి ఆరనివ్వాలి. ఉప్పు, పసుపు, నిమ్మరసం పట్టించిన ముక్కల గిన్నెలో కత్తిని వదిలేస్తే తెల్లారేసరికి సూదిమొనలంత గుంటలు పడతాయి, అవి అంచు దగ్గర పడితే పదును కూడా పోతుంది. వారాల తరబడి వాడనప్పుడు, వేట నిషేధం నెలల్లో ముఖ్యంగా, కొబ్బరినూనె పలచగా రాసి కాగితంలో చుట్టి పెట్టండి, తొడుగులో వద్దు.

ఏళ్ల సానకి బ్లేడు సన్నబడి సెంటీమీటరు వెడల్పుకి దిగితే పండుగప్పకి పనికిరాదు, మరీ ఊగిపోతుంది. అప్పుడు మొనను రెండంగుళాలు పొట్టి చేసి, అంచు మళ్లీ తీయించుకోండి. కానాగంతల పొట్ట తీయడానికి, కవళ్ల తల తెంపడానికి ఆ కత్తి ఇంకో నాలుగేళ్లు పనిచేస్తుంది.